ఒకే దొడ్డి, రెండు కంచాలు: కోడలికి పెట్టమన్న ఆకే అత్తకు ఎందుకు ఆపించాను

నేను శ్రీకాకుళంలో డైటీషియన్‌ని. దొడ్లో పెంచుకునే ఆకుల గురించి నన్ను అడిగే ప్రశ్నలన్నీ దాదాపు ఈ ఒక్క ఇంట్లోనే ఎదురయ్యాయి, అందుకే ఈ కేసు పూర్తిగా రాస్తున్నాను. వాళ్ళ అనుమతి తీసుకున్నాను. పేర్లు, ఊరు చెప్పను. నరసన్నపేట దాటి టెక్కలి వైపు వెళ్ళే దారిలో ఒక పల్లె అనుకోండి.

కోడలికి 33 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. ఆషాఢంలో వచ్చింది. నీరసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, తల దువ్వుకుంటే చేతినిండా జుట్టు. హిమోగ్లోబిన్ 8.8, ఫెరిటిన్ 6. అంటే రక్తంలో తక్కువ సంగతి అలా ఉంచి, ఒంట్లో దాచుకున్న ఇనుము కూడా అయిపోయింది. డాక్టరు ఐరన్ మాత్రలు అంతకుముందే రాశారు కానీ కడుపులో తిప్పుతోందని, మలం నల్లగా వస్తోందని భయపడి మానేసింది. మానేసి ఊరికే కూర్చోలేదు, ఫోన్‌లో వీడియోలు చూసి నర్సరీ నుంచి ‘మల్టీవిటమిన్ మొక్క’ తెచ్చి కంచె పొడుగునా నాటింది, ఆ పచ్చి ఆకు మిక్సీలో వేసి రోజూ పరగడుపున పెద్ద గ్లాసుడు జ్యూస్ తాగుతోంది, దానిపైన సాయంత్రం ఒక చెంచా మునగాకు పొడి. జ్యూస్ మొదలుపెట్టి అప్పటికి కొన్ని వారాలు.

అత్తగారు తోడుగా వచ్చారంతే. 61 ఏళ్ళు, పుట్టింది పెరిగింది కవిటి వైపు. ఉద్దానం మనిషి అని తెలియగానే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే, కిడ్నీ పరీక్షలు చేయించారా అని. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ కొబ్బరి, జీడి తోటల ప్రాంతమంతా కారణం ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బుతో ఎంత నష్టపోయిందో మన జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది అందుకే. ఆవిడ సంచిలోంచి కాగితాలు తీసి ఇచ్చారు. క్రియాటినిన్ 1.9, అంటే కిడ్నీలు సరిగా వడపోయడం లేదు. పొటాషియం 5.7, అదీ ఎక్కువే. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు. కోడలు చేసే జ్యూస్‌లో సగం గ్లాసు ఆవిడకీ వెళ్తోంది. ఒంటికి మంచిదని.

అప్పుడు నాకు ఆ ఇంట్లో ముందు చూడాల్సింది కోడలి రక్తహీనత కాదు, అత్తగారి పొటాషియం అనిపించింది. పొటాషియం 5.5 దాటితే గుండె కొట్టుకునే తీరు మీద పడచ్చు, చాలాసార్లు బయటికి ఏ బాధా కనిపించదు. ఆ పూటే నెఫ్రాలజిస్ట్‌కి, అంటే కిడ్నీ డాక్టరుకి, ఫోన్ చేసి మాట్లాడాను, ఈసీజీ తీయించారు, బీపీ మాత్ర మోతాదు ఆయన మార్చారు. నేను చెయ్యగలిగింది కంచంలో ఉన్నది చూడటం.

అందుకని ఆ ఇంటికి వెళ్ళాను. కాగితం మీద రాసిన ఆహార చరిత్రలో దొడ్డి కనిపించదు. ఏం తింటారమ్మా అంటే అన్నం, పప్పు, చేపలు అంటారు. ఆకులు తిండి లెక్కలోకి రావు, అవి ఎలాగూ ఉంటాయి కదా అన్నట్టు చెప్తారు.

దొడ్డి మంచి దొడ్డి. నుయ్యి పక్కన పెద్ద మునగ, ఇంకో మూల అవిశ, గోడ మీదికి గుమ్మడి తీగ, పాత బియ్యం సంచుల్లో మట్టి నింపి వేసిన చిలగడదుంప, నేలంతా పాయలాకు, దీన్నే గంగవావిలి అంటారు. స్నానాల నీళ్ళు పోయే కాలవ వెంట పొన్నగంటి, చేమ దట్టంగా ఉన్నాయి. వర్షాలు పడ్డాయేమో కంచె బయట తంటెం కూడా మొలిచి ఉంది, అత్తగారు లేత చిగుళ్ళు తుంచి చూపించి దాంతో పప్పు చేస్తామన్నారు. వీటిలో చాలావి రైతుబజారులో దొరకవు, దొరికినా ఎప్పుడో ఒకసారి. పాలకూర, తోటకూర, గోంగూర దాటి ఇన్ని రకాలు ఒక ఇంట్లో తింటున్నారంటే నాకు నిజంగా సంతోషం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2019–21కి మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి చోట ఆకులు తినద్దు అని చెప్పే పరిస్థితి నాకు రాకూడదు. ఎవరు, ఏది, ఎంత, ఎలా వండుకుని తినాలన్నదే అసలు పని.

ముందు జ్యూస్ సంగతి

ఆ నర్సరీ మొక్క పేరు చెక్కుర్‌మానిస్. మలేసియా, ఇండోనేసియా వైపు దీన్ని తరాలుగా తింటున్నారు, కేరళలోనూ ఇళ్ళల్లో పెంచుతారు, ప్రోటీన్, విటమిన్ సి, కెరోటిన్ అన్నీ బాగానే ఉన్న ఆకు. కానీ వాళ్ళు వండుకుని తింటారు, అదీ కొంచెం. 1994–95లో తైవాన్‌లో బరువు తగ్గుతారని ఇదే ఆకుని పచ్చిగా జ్యూస్ తీసి, జామ రసమో అనాస రసమో కలిపి, రోజూ తాగడం ఒక వెర్రిలా పాకింది. వారాల్లోనే చాలామందికి ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తుల్లో సన్నటి గాలి గొట్టాలు మూసుకుపోయే జబ్బు అది, జ్యూస్ ఆపినా తగ్గలేదు, కొందరికి ఊపిరితిత్తుల మార్పిడి దాకా వెళ్ళింది, కొందరు పోయారు. ఇది వైద్య పత్రికల్లో వివరంగా నమోదైన విషయం. అయినా మన నర్సరీల్లో ఈ మొక్క అమ్మేటప్పుడు ఆ మాట ఒక్కరూ చెప్పరు, ‘రోజూ పచ్చిగా నాలుగాకులు నమలండి’ అనే చెప్తారు. నాకు చాలా బాధనిపించే విషయం ఇది.

కోడలికి ఆయాసం ఉంది. హిమోగ్లోబిన్ 8.8 ఉంటే ఆయాసం రావడం మామూలే. కానీ వారాలుగా ఈ జ్యూస్ తాగుతున్న మనిషికి ఆయాసం ఉంటే దాన్ని రక్తహీనత ఖాతాలో రాసేసి ఊరుకోలేం. ఛాతీ డాక్టరు దగ్గరికి పంపాను, ఊదించి చేసే పరీక్ష, ఎక్స్‌రే రెండూ చేశారు, మామూలుగానే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాం. జ్యూస్ ఆ రోజు నుంచే బంద్. మొక్క పీకించలేదు. నెలలో ఒకటి రెండుసార్లు, గుప్పెడు లేత ఆకు, బాగా ఉడికించి పప్పులోనో కూరలోనో వేసుకుంటే అభ్యంతరం లేదన్నాను, అత్తగారికి మాత్రం అదీ వద్దు.

పచ్చి ఆకు జ్యూస్‌తో ఇంకో ఇబ్బంది ఆక్సలేట్, ఆకుల్లో సహజంగా ఉండి కాల్షియంని పట్టుకుని స్ఫటికాలు కట్టే పదార్థం. పాలకూర 100 గ్రాముల్లో ఇది 600 మి.గ్రా. దాటుతుంది, పాయలాకులో 1000 కూడా దాటగలదు. కంచంలో ఎవరూ పావుకిలో పచ్చి పాలకూర తినరు, మిక్సీలో మాత్రం అది ఒక గ్లాసులో ఇమిడిపోతుంది. కిడ్నీలు అప్పటికే బలహీనంగా ఉన్నవాళ్ళు ఇలా గ్రీన్ జ్యూస్‌లు తాగి, ఆక్సలేట్ స్ఫటికాలు కిడ్నీలో పేరుకుని, డయాలసిస్ దాకా వెళ్ళిన కేసులు ఉన్నాయి. అత్తగారి సగం గ్లాసు ఆపించడానికి నాకు ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

ఆవిడ ఒప్పుకోలేదు వెంటనే. “మా చిన్నప్పట్నించీ తింటన్న ఆకులే కదమ్మా, ఇప్పుడు మాత్రం ఏటయిపోద్ది?” అన్నారు. అడగాల్సిన ప్రశ్నే అది. చిన్నప్పుడు మీ కిడ్నీలు బాగున్నాయి, ఎక్కువైన పొటాషియం బయటికి పంపేశాయి, ఇప్పుడు పంపలేకపోతున్నాయి, ఆకు మారలేదు పెద్దమ్మా, వడపోత మారింది అన్నాను. ఇంకా, చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆ ఆకుని ఎలా వండేదో చెప్పమన్నాను. ఆవిడే చెప్పారు: బాగా ఉడికించి, నీళ్ళు వార్చేసి, చింతపండు వేసి. పచ్చిగా తాగినట్టు ఆవిడకి ఎక్కడా గుర్తు లేదు.

మునగాకు, ఇనుము లెక్క

కోడలి విషయంలో పెద్ద చిక్కు మునగాకు మీద ఉన్న నమ్మకం. ‘పాలకూర కంటే 25 రెట్లు ఇనుము’ అన్న మాట ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. ఆ 25 రెట్లు ఎక్కడి నుంచి వచ్చిందంటే ఎండబెట్టిన మునగాకు పొడిని పచ్చి పాలకూరతో పోల్చి చెప్పడం వల్ల. ఎండితే నీరు పోతుంది, నాలుగో వంతు బరువు మిగులుతుంది, కాబట్టి 100 గ్రాముల పొడిలో ఏదైనా ఎక్కువే కనిపిస్తుంది. కానీ 100 గ్రాముల పొడి ఎవరు తింటారు? చెంచాడు పొడి రెండు మూడు గ్రాములు, అంటే పచ్చి ఆకు గుప్పెడు కూడా కాదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి మునగాకులో ఇనుము దాదాపు 4.5 మి.గ్రా. అంతకుముందు ఉన్న పట్టికలో 1 మి.గ్రా. కూడా లేదు. ఆకు రకం, నేల, లేతా ముదురా, ఆఖరికి ఆకు మీద మిగిలిపోయిన దుమ్ము కూడా ఈ అంకెని మార్చేస్తాయి, అందుకని ఏ ఒక్క అంకెనీ పట్టుకుని వేలాడకూడదు. సరే, ఎక్కువ అంకె 4.5నే తీసుకుందాం. వాళ్ళింట్లో ఒక మనిషికి ఒక పూట మునగాకు కూర ఎంత వస్తుందో వంటగదిలోనే తూకం వేసి చూశాం. కోడలు కొమ్మ పట్టుకుని కింది నుంచి పైకి ఒక్క ఊపుతో ఆకు దూసేస్తుంటే, ఈనెలు ఏరి పక్కన పెట్టి, నా చిన్న త్రాసు మీద పళ్ళెం పెట్టాను. పళ్ళెం నిండా పచ్చగా పొంగి కనిపించిన ఆకు 50 గ్రాములే. అందులో ఇనుము 2.3 మి.గ్రా. ఆకుకూరల్లోని ఇనుములో ఒంటికి పట్టేది నూటికి ఐదు పాళ్ళ చుట్టూ ఉంటుంది, రక్తహీనత ఉన్నవాళ్ళకి కొంచెం ఎక్కువ. అంటే అటూ ఇటుగా 0.1 నుంచి 0.2 మి.గ్రా.

దాని పక్కన ఇంకో లెక్క పెట్టాను. మామూలు మనిషి రక్తం 1 మి.లీ.లో దాదాపు అర మి.గ్రా. ఇనుము ఉంటుంది, రక్తహీనత ఉంటే కొంచెం తక్కువ. ఆమెకి నెలసరి ఏడెనిమిది రోజులు, ముక్కలు ముక్కలుగా పడుతోందని అడిగితే గానీ చెప్పలేదు. అలా పోయే రక్తాన్ని ఏ మునగచెట్టూ పూడ్చలేదు. గైనకాలజిస్ట్ దగ్గరికి పంపితే స్కాన్‌లో చిన్న ఫైబ్రాయిడ్, అంటే గర్భాశయంలో గడ్డ, కనిపించింది, రక్తస్రావం తగ్గడానికి మందులు ఇచ్చారు. ఈ మెట్టు వదిలేసి ఆకుల జాబితా చేతిలో పెట్టి పంపేస్తే ఆమె ఇంకో ఏడాది జుట్టు రాలుతూనే తిరిగేది.

మాత్ర మళ్ళీ మొదలైంది. మలం నల్లబడటం మామూలేనని, ప్రమాదం కాదని ముందే చెప్పాం. కడుపు తిప్పడానికి డాక్టరు చేసిన మార్పు రోజు విడిచి రోజు వేసుకోమనడం. ఇది ఏదో సర్దుబాటు కాదు: ఇనుము మాత్ర వేసుకున్న తర్వాత హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి ఒక రోజంతా ఇనుముకి తలుపు సగం మూసేస్తుంది, ఆ మర్నాడు వేసుకున్న మాత్ర సరిగా పట్టదు. ఒక రోజు వదిలి వేసుకుంటే వేసుకున్న మాత్ర బాగా పడుతుందని 2017లో వచ్చిన పరిశోధన చూపించింది, కడుపులో తిప్పడమూ తగ్గచ్చు. ఒక్కో మాత్రలో 60 మి.గ్రా. ఇనుము. కూరలోని 2.3 పక్కన పెట్టి చూస్తే ఆమెకే అర్థమైంది.

టీ సంగతి కూడా ఉంది. ఉదయం టిఫిన్ అవగానే ఒకటి, మధ్యాహ్నం అన్నం తిన్న పావుగంటకి ఇంకొకటి. టీ భోజనంతో కలిస్తే మొక్కల ఇనుము పట్టడం సగానికి పైగా పడిపోతుంది. టీ మానమంటే మానరు, మన వైపు అసలు మానరు, కాబట్టి గంటన్నర వెనక్కి జరిపాం.

మరి మునగాకు ఎందుకు? ఇనుము కోసం కాకపోతే మానేద్దామా అని కోడలు అడిగింది, కొంచెం నిరాశగానే. వద్దని చెప్పాను. అదే పట్టికలో 100 గ్రాముల మునగాకులో కాల్షియం 314 మి.గ్రా., విటమిన్ సి 108 మి.గ్రా., ప్రోటీన్ 6 గ్రాముల పైన, బీటా కెరోటిన్ 17,500 మైక్రోగ్రాముల చుట్టూ. 12 పాళ్ళ కెరోటిన్‌కి ఒక పాలు విటమిన్ ఎ అన్న గట్టి లెక్కన వేసుకున్నా, 50 గ్రాముల ఆకులో 700 మైక్రోగ్రాములు దాటుతుంది, ఆడవాళ్ళకి రోజుకి సిఫారసు చేసింది 840. వంటలో కొంత పోయినా మిగిలేది ఎక్కువే. పైగా చెట్టు దొడ్లోనే ఉంది, డబ్బు ఖర్చు లేదు. చెంచా నూనె ఉంటేనే కెరోటిన్ పడుతుంది, కాబట్టి నూనె లేకుండా ఉడకబెట్టిన ఆకు తినే ‘డైట్’ వద్దన్నాను.

ఇంకో మంచి గుణం, పాలకూరతో పోలిస్తే మునగాకులో కరిగే ఆక్సలేట్ చాలా తక్కువ. దీని విలువ తెలియాలంటే ఒక పాత పరిశోధన చెప్పాలి, 1988లో పాలకూరలోని కాల్షియం ఎంత పడుతుందో మనుషుల్లోనే కొలిచారు, 5 శాతమే వచ్చింది, పాలలోది 27 శాతం దాకా. అంకె ఎంత పెద్దదైనా ఆక్సలేట్ పట్టుకుంటే అది పేగులోంచి అలాగే బయటికి పోతుంది. పట్టికలో ఉన్నదంతా ఒంట్లోకి వస్తుందనుకుని ఆకుల్ని ర్యాంకులు వేసే వీడియోలు నమ్మద్దని అందుకే చెప్తాను.

వాళ్ళింట్లో మునగాకు వండే తీరు నాకు చాలా నచ్చింది. ఎండు రొయ్యలు దోరగా వేయించి, దంచిన నువ్వులు, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి ఆకు దగ్గరకి వచ్చేదాకా మగ్గనిస్తారు. చేప, రొయ్య, మాంసం ఏది కొంచెం కలిసినా అదే ముద్దలో ఉన్న ఆకు ఇనుము కూడా ఎక్కువ పడుతుంది, మనవాళ్ళు ఈ జోడీ ఎప్పుడో కుదిర్చారు. నేను కలిపింది ఒక్కటే, పొయ్యి దించాక నిమ్మకాయ పిండమన్నాను, భోజనం అయ్యాక దొడ్లో కాసిన జామకాయ ఒకటి తినమన్నాను. జామలో విటమిన్ సి 100 గ్రాములకి 200 మి.గ్రా. పైన ఉంటుంది, బత్తాయి దాని దరిదాపుల్లోకి రాదు.

మిగతా ఆకులు

అవిశ. కాల్షియం కోసం నేను దీన్ని మునగ కంటే ముందు చెప్తాను, 100 గ్రాములకి 900 మి.గ్రా. దాకా ఉంటుంది, ప్రోటీన్ 8 గ్రాములు. చేదు. పిల్లలు ముట్టరు. పెసరపప్పు, కొబ్బరి కోరు వేసి లేత ఆకు వేపుడు చేస్తే కోడలు తింటోంది, అది చాలు.

పాయలాకు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దీన్ని కలుపు అని పీకి పారేస్తారు. చేపల్లో ఉండే ఒమేగా-3 రకానికి మూలమైన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం 100 గ్రాముల ఆకులో 300 నుంచి 400 మి.గ్రా. ఉంటుంది, ఆకుకూరల్లో ఇంత ఉండటం అరుదు. కానీ పైన చెప్పినట్టు ఆక్సలేట్ చాలా ఎక్కువ. దీనికి మందు పెరుగు. పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ని పేగులోనే పట్టేస్తుంది, రక్తంలోకి పోనివ్వదు, పాయలాకుని పెరుగుతో కలిపి కొలిచిన పరిశోధన కూడా ఉంది. కోడలు ఆకుని ఒక పొంగు ఉడికించి, నీళ్ళు వంపేసి, పెరుగు పచ్చడి చేస్తోంది. వారానికి ఒకసారి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీలో రాళ్ళ చరిత్ర ఉంటే అదీ వద్దంటాను.

చేమాకు, పొన్నగంటి. ఇక్కడ అసలు ఇబ్బంది ఆకులతో కాదు, మొలిచిన చోటుతోనే. సబ్బు నీళ్ళు, మురుగు పోయే కాలవలో పెరిగిన ఆకు తినకూడదు, ఎంత కడిగినా సరే. వేర్ల ద్వారా ఎక్కింది కడిగితే పోదు, పైన అంటిన క్రిములు, గుడ్లు ముడతల్లో ఉండిపోతాయి. అత్తగారే పొన్నగంటి కాడలు కొన్ని తుంచి, నుయ్యి దగ్గర వేరే మడిలో గుచ్చారు, వర్షాకాలం కదా వారం తిరిగేసరికి పట్టేశాయి. చేమాకు గొంతు దురద పెట్టేది సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్ల, చింతపండు వేసి బాగా ఉడికిస్తే ఆ దురద తగ్గుతుంది. సగం ఉడికిన చేమాకు ఎవరికీ పెట్టద్దు.

చిలగడదుంప చిగుళ్ళు పిల్లల కోసం. తోటకూరలాగే వండచ్చు, చేదు లేదు, వాసన లేదు, కంటికి మేలు చేసే ల్యూటిన్ ఉంటుంది. సెనగపిండిలో కలిపి వడలు వేస్తే పెద్దాడు ఏం తింటున్నాడో తెలియకుండానే తినేశాడు. గుమ్మడి చిగుళ్ళూ అంతే, నూగు తీసేసి పప్పులో. తంటెం లేతగా ఉన్న నాలుగు వారాలే, ముదిరితే వదిలెయ్యండి.

మునగ గురించి పెంపకంలో ఒక మాట. పదిహేను అడుగులు పెరిగిపోతే ఆకు అందదు, వర్షాల్లో గొంగళిపురుగులు పట్టి మాను నల్లగా కప్పేస్తే జనం మందు కొడతారు, ఆ మందు కొట్టిన ఆకే మర్నాడు కూరలోకి వస్తుంది. నడుం ఎత్తున కొట్టేసి, చిగురు వచ్చినకొద్దీ దూసుకుంటూ ఉంటే ఆకూ లేతగా ఉంటుంది, పురుగు పడితే కొమ్మ కోసి పారెయ్యచ్చు.

అత్తగారి కంచం

ఇక్కడ నేను కోడలికి చెప్పిన దాంట్లో సగం తిరగేయాల్సి వచ్చింది. ఆకుకూరలన్నిట్లో పొటాషియం ఉంటుంది, 100 గ్రాముల పచ్చి ఆకుకి 300 నుంచి 650 మి.గ్రా. మధ్య, మునగ కొంచెం కింద, చేమాకు, తోటకూర పైన. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు కూడా పొటాషియంని ఒంట్లో నిలబెడతాయి. దీనికి తోడు ఆవిడకి ఊరి నుంచి వచ్చే కొబ్బరిబొండాలు, ఉద్దానం వాళ్ళింట్లో కొబ్బరినీళ్ళు మందు కింద లెక్క, 100 మి.లీ.లో 250 మి.గ్రా. పొటాషియం. బొండాలు ఆపించడం ఆకులు ఆపించడం కంటే కష్టమైంది, పుట్టింటి చెట్టు కాయలు అవి.

ఆవిడకి ఆకుకూర పూర్తిగా మానిపించలేదు. మొదట పొటాషియం దిగేదాకా మూడు వారాలు ఏ ఆకూ లేదు. తర్వాత వారానికి ఒకసారి, ఉడికిన ఆకు పెద్ద గరిటెడు. ఆకు సన్నగా తరగాలి, ఎక్కువ నీళ్ళలో మూత లేకుండా ఉడికించాలి, ఆ నీళ్ళు పూర్తిగా వంపేసి చేత్తో పిండాలి, అప్పుడు పోపు. పొటాషియం, కరిగే ఆక్సలేట్ రెండూ నీళ్ళలోకి దిగుతాయి. ఉడికించి వార్చితే కరిగే ఆక్సలేట్ ఆకుని బట్టి మూడో వంతు నుంచి నాలుగింట మూడు వంతుల పైన దాకా పోతుంది. విటమిన్ సి, ఫోలేట్ కూడా ఆ నీళ్ళతోనే పోతాయి, ఆవిడ విషయంలో ఆ నష్టం ఒప్పుకోక తప్పదు. మొదటిసారి కోడలు వార్చిన నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి, ‘ఇందులోనే సారమంతా ఉంది కదండీ, పులుసులో పోసెయ్యనా’ అంది. అలవాటు అలాంటిది. అరటి మొదట్లో పోయించాను.

కోడలికి చెప్పిన ఎండు రొయ్యలు ఉప్పు వల్ల ఆవిడకి వద్దు. ‘తక్కువ సోడియం’ అని అమ్మే ఉప్పు అసలే వద్దు, అందులో సోడియం స్థానంలో పెట్టేది పొటాషియమే. ఒకే పొయ్యి మీద రెండు కూరలు ఎలాగ అని కోడలు టెన్షన్ పడింది. ఆకు తరిగాక రెండు భాగాలు చేసి, ఒకటి వార్చి ఒకటి వార్చకుండా, పోపు మాత్రం ఒకేసారి వేసి పంచుకునేలా కుదుర్చుకున్నారు.

సంక్రాంతికి వచ్చేసరికి

కోడలి హిమోగ్లోబిన్ 11.4. ఆయాసం పోయింది, ఫెరిటిన్ ఇంకా తక్కువే, కాబట్టి మాత్ర ఆపలేదు. ఊళ్ళో అందరికీ మునగాకుతోనే రక్తం పట్టిందని చెప్తోందట. అది నిజం కాదు, ఆమెకీ అదే చెప్పాను: రక్తస్రావం తగ్గింది, మాత్ర పడింది, టీ పక్కకి జరిగింది, ఈ మూడింటి వల్ల పెరిగింది. ఆకుల వల్ల ఏం ఒరిగిందో హిమోగ్లోబిన్‌లో కనిపించదు. ఇంట్లో వారానికి రెండుసార్లు ఉండే ఆకుకూర ఇప్పుడు ఐదుసార్లు ఉంటోంది, మాత్ర వల్ల పట్టుకున్న మలబద్ధకం పీచు వల్ల తేలికైంది, చిన్నదానికి నోటి మూలల్లో వచ్చే పగుళ్ళు తగ్గాయి, అయితే అదే సమయంలో రోజూ గుడ్డు, పెరుగు కూడా మొదలుపెట్టారు కాబట్టి అది ఒక్క ఆకు గొప్పే అనను.

అత్తగారి పొటాషియం 4.9కి దిగింది. మాత్ర మోతాదు మారింది, జ్యూస్ ఆగింది, బొండాలు ఆగాయి, ఏది ఎంత పని చేసిందో విడదీయలేం. క్రియాటినిన్ 1.9 దగ్గరే ఉంది. తగ్గుతుందని నేనెప్పుడూ చెప్పలేదు, పెరగకుండా నిలబడితే అదే మంచి కబురు.

కొండపిండి ఆకు కషాయం తాగితే కిడ్నీ బాగవుతుందని ఎవరో చెప్పారట, తాగచ్చా అని మొన్న అడిగారు. వద్దన్నాను. నెఫ్రాలజిస్ట్‌తోనూ ఆ మాట చెప్పించాను. మార్చిలో పొటాషియం మళ్ళీ చూస్తారు, ఎండాకాలం ఒంట్లో నీరు తగ్గే రోజులు కదా. అది 5 లోపు ఉంటే వారానికి రెండో గరిటె ఇవ్వచ్చేమో ఆలోచిస్తాను, ఆవిడ అడుగుతున్నది చేమాకు పులుసు. అది మాత్రం ఇప్పట్లో కుదరదని చెప్పేశాను, గుమ్మడి చిగుళ్ళు వార్చి పెట్టుకోమన్నాను.